ఊరుకోబెట్టేది ఎవరిని?

చంటిపిల్లల నోట్లో పెట్టే పీకకి ఇంగ్లీషులో పాసిఫయర్ అని పేరు. శాంతింపజేసేది అని అర్థం. బ్రిటన్‌లో దాన్నే డమ్మీ అంటారు, అంటే ఉత్తుత్తిది. ఒకే వస్తువుకున్న ఈ రెండు పేర్లలో రెండు తీర్పులున్నాయి. ఒకటి మెచ్చుకుంటుంది, ఇంకొకటి మోసమంటుంది. రెండూ బిడ్డ నోటివైపే చూస్తాయి. ఆ పీకను అందించిన చెయ్యి ఎవరిదో, ఆ క్షణంలో ఆ చేతికి ఇంకేం పని ఉందో రెండు పేర్లలోనూ లేదు.

తల్లిపాలు తాగుతున్న నెలలోపు బిడ్డకు పీక అలవాటు చెయ్యొచ్చా అన్నది చూడ్డానికి చిన్న ప్రశ్నే. సాహిత్య పత్రికలో దానికి చోటెందుకని అడిగేవాళ్లూ ఉంటారు. కానీ ఈ ప్రశ్న చుట్టూ పేరుకున్న సలహాలను కూడా మనం కథనో కవితనో చదివినంత శ్రద్ధగా చదవాలనుకుంటాను. వాటిలో తల్లి ఎక్కడుంది, ఏ రూపంలో ఉంది అని వెతికితే మాతృత్వం గురించి మన కాలం ఏమనుకుంటోందో తెలుస్తుంది.

1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ప్రసూతి ఆసుపత్రుల కోసం పది సూత్రాలు ప్రకటించాయి. తల్లిపాలు తాగే పిల్లలకు పీకలు ఇవ్వొద్దన్నది అందులో తొమ్మిదోది. ఆ కటువుదనానికి కారణముంది. డబ్బాపాల కంపెనీలు ఆసుపత్రుల్లోకి చొరబడి, తల్లులకు తమ పాలమీద తమకే నమ్మకం లేకుండా చేసిన చరిత్రకు అది జవాబు. 1981 నాటి అంతర్జాతీయ నియమావళి, డబ్బాపాల ప్రచారాన్ని నిషేధిస్తూ మన దేశంలో 1992లో వచ్చిన చట్టం కూడా ఆ పోరాటంలోంచి పుట్టినవే. అది స్త్రీల పోరాటం కూడా. దాన్ని పక్కకు నెట్టి పీక గురించి మాట్లాడలేం.

2005లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం మరో మాట చెప్పింది. నిద్రపుచ్చేటప్పుడు పీక ఇస్తే నిద్రలో హఠాత్తుగా సంభవించే శిశుమరణాలు తగ్గుతున్నట్టు కనిపిస్తోంది కాబట్టి ఇవ్వొచ్చంది. తల్లిపాలు తాగే బిడ్డకైతే నెల నిండాక అంది. 2018లో పది సూత్రాలను సవరించినప్పుడు ఆ పాత నిషేధం కూడా పోయింది. పీకల వాడకం గురించి, వాటితో వచ్చే చిక్కుల గురించి తల్లులకు వివరించమన్నారు. 'ఇవ్వొద్దు' అనే చోటి నుంచి 'వివరించండి' అనే చోటికి రావడానికి 29 ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో కాన్పయిన స్త్రీలు, పురిటికి అమ్మను ఇక్కడినుంచి రప్పించుకున్న మన అమెరికా కూతుళ్లతో సహా, ఏ మాట వింటే మంచి తల్లి అనిపించుకుంటారో తెలియక నలిగారు.

ఇక పరిశోధనల భాష చూద్దాం. పీక వాడే పిల్లలు తల్లిపాలు త్వరగా మానేస్తున్నారని చాలా పరిశీలనల్లో కనిపించింది. అయితే దానికి పీకే కారణమా? కెనడాలోని మాంట్రియల్‌లో 281 మంది తల్లులతో జరిగిన ప్రయోగం ఫలితాలు 2001లో వచ్చాయి. సగం మందికి పీక వద్దని చెప్పి, ఏడుపు మాన్పించే వేరే మార్గాలు నేర్పారు. మిగతావాళ్లకు పీక వద్దని చెప్పలేదు. మూడు నెలలు తిరిగేసరికి పాలు మాన్పించినవాళ్లు రెండు వైపులా దాదాపు సమానంగానే ఉన్నారు, 18 శాతం పైచిలుకు. పీక కారణం కాకపోవచ్చు, అదొక గుర్తు మాత్రమేనని తేల్చారు. దేనికి గుర్తు? పాలివ్వడంలో ఎదురవుతున్న ఇబ్బందులకు, లేదా పాలివ్వాలన్న ఆసక్తి తగ్గడానికి.

ఈ 'లేదా' దగ్గర నాకు ఆగాలనిపిస్తుంది. చనుమొనలు చిట్లి బిడ్డ నోరు తెరిస్తేనే వణికిపోయే స్త్రీని, పాలివ్వడం ఇష్టంలేని స్త్రీని ఒక చిన్న మాటతో పక్కపక్కన కూర్చోబెట్టేశారు. ఇబ్బంది ఉందంటే ఎవరో వచ్చి సాయం చెయ్యాలి. ఆసక్తి లేదంటే ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, తప్పు ఆమెది. తర్వాత వచ్చిన కోక్రేన్ సమీక్ష, పీక వల్ల నాలుగు నెలల వరకూ తల్లిపాలకు నష్టం కనబడలేదని చెబుతూనే, అది పాలివ్వాలన్న పట్టుదల ఉన్న తల్లుల సంగతి అంది. పట్టుదలను తూచే తక్కెడ ఎవరి దగ్గరుంది? ఆ రాత్రి ఆమె ఎన్నిసార్లు లేచిందో, లేచినప్పుడు పక్కనున్న మనిషి అటు తిరిగి పడుకున్నాడో లేదో ఆ తూకంలోకి వస్తాయా?

బ్రెజిల్‌లోని పెలోటాస్ పట్టణంలో జరిగిన అధ్యయనం, 1997లో అచ్చయినది, ఈ విషయంలో నాకు నచ్చుతుంది. ఆ పరిశోధకులు లెక్కలతో ఆగక ఇళ్లకు వెళ్లి తల్లుల మాటలు విన్నారు. పాలకూ పాలకూ మధ్య కొంచెం ఎడం దొరకడానికి చాలామంది పీకను వాడుకుంటున్నారని, తమమీద తమకు నమ్మకం తక్కువైన తల్లుల విషయంలోనే దాని ప్రభావం ఎక్కువని గమనించారు. ఆ తల్లుల దిగులును పట్టించుకోకుండా పీక మానండని ఎంత ప్రచారం చేసినా ఫలితముండదన్నారు. ఇక్కడ తల్లి గుర్తూ కాదు, తూకంలో వస్తువూ కాదు. తనకున్న కొద్దిపాటి వెసులుబాటులో ఏదో ఒకటి తేల్చుకుంటున్న మనిషి.

అలాగని శరీరం చెప్పే నిజాన్ని కొట్టిపారెయ్యలేం. తొలి వారాల్లో బిడ్డ ఎంత తరచుగా తాగితే పాలు అంత పడతాయి. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగే బిడ్డ తల తిప్పి వెతుక్కుంటున్నప్పుడో, చేతులు చప్పరిస్తున్నప్పుడో పీక పెడితే ఆ ఆకలి తల్లి దాకా చేరదు. 2003లో వచ్చిన ఒక అమెరికన్ ప్రయోగంలో, పుట్టిన అయిదు రోజుల్లోపే పీక మొదలుపెట్టినప్పుడు నెల నాటికి కేవలం తల్లిపాలమీదే ఉన్న పిల్లలు తగ్గారు. కాబట్టి పాలు కుదురుకుని, బిడ్డ బరువు పెరిగేదాకా, అంటే మూడు నాలుగు వారాలు, ఆగమనడం సబబే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు మాత్రం చప్పరించడం నేర్చుకోవడానికి పీక సాయపడుతుంది. పీకను తేనెలో ముంచి పెట్టడం ఏడాదిలోపు పిల్లలకు ప్రమాదం. ఇదంతా తల్లికి తెలియాల్సిందే. కానీ ఆ నాలుగు వారాలూ ఆగడానికి ఆమెకు ఏం కావాలో ఏ కరపత్రమూ రాయదు.

మన సాహిత్యం రాసిందా? కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాశారు. పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాశారు. ప్రసవాన్నీ గర్భస్రావాన్నీ రహస్యపు గదుల్లోంచి బయటికి తెచ్చింది మన స్త్రీవాద కవిత్వమే. ఆ గది దాటాక వచ్చే నలభై రోజులు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా జోలపాట చేతుల్లోనే ఉన్నాయనిపిస్తుంది. బెంగాలీలో మహాశ్వేతాదేవి 'స్తనదాయిని' కథలో పాలివ్వడాన్ని పచ్చి శ్రమగా చూపించింది. పెద్దింటి పిల్లలకు పాలిచ్చి తన సంసారాన్ని పోషించిన ఆ స్త్రీ చివరికి రొమ్ము క్యాన్సర్‌తోనే పోతుంది. ఆమె పేరు జశోద. అంటే మన యశోదే.

ఆ పేరు పట్టుకుని వెనక్కి వెళితే భాగవతంలోని యశోద ఎదురవుతుంది. పోతన దశమస్కంధంలో ఆమె పెరుగు చిలుకుతూ ఉంటుంది. కృష్ణుడు వచ్చి పాలకోసం పేచీ పెడతాడు. చిలకడం ఆపి ఒళ్లో పెట్టుకుని పాలిస్తుంది. అంతలో పొయ్యిమీద పాలు పొంగుతాయి. బిడ్డను దింపి పరిగెడుతుంది. వాడికి కోపమొచ్చి కుండ పగలగొడతాడు. ఆ తర్వాత వచ్చే రోటికి కట్టెయ్యడం మనందరికీ తెలిసిన లీల. శతాబ్దాలుగా మనం ఆ బిడ్డ అలకనే ముద్దు చేసుకున్నాం. కడుపు నిండని బిడ్డను దించి ఆమె ఎందుకు పరిగెత్తాల్సి వచ్చిందని అడగలేదు. నిండు గోకులంలో ఆ పొయ్యిమీది గిన్నె దించడానికి ఇంకో చెయ్యి లేదా?

పీక గురించి అడగాల్సిన ప్రశ్న ఇదే. పీక చాలా ఇళ్లల్లో రాని మనిషికి బదులు వచ్చిన వస్తువు. ప్రసూతి సెలవును 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఇళ్లల్లో అంట్లు తోమే ఆమెకు, కూలికెళ్లే ఆమెకు ఆ వారాలు అందవు. సెలవు అందిన ఆమెకు కూడా ఇంటిపనికి సెలవు రాదు. బాలింతకు నడుం వాల్చే గంట, బిడ్డను ఎత్తుకు తిప్పే తండ్రి, పొయ్యి దగ్గర ఇంకో చెయ్యి ఉన్నచోట పీక ఇవ్వాలా వద్దా అన్నది నిజంగా ఆమె నిర్ణయమవుతుంది. అవేవీ లేనిచోట ఇస్తే సోమరి, ఇవ్వకపోతే మొండి అనే తీర్పులే మిగులుతాయి. బిడ్డ ఏడుపును ఎలా ఊరుకోబెట్టాలో తల్లికి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మాటల కింద ఊరుకుండిపోతున్న తల్లి ఏమంటోందో మన కథల్లో, మన విమర్శలో ఇకనైనా వినబడాలి.