నక్షత్రజన్మము – మన పోలికలు

వాయుమేఘము కుంచించుకొని నక్షత్రమగునని మన విజ్ఞానవ్యాసములందు వ్రాయుచుందురు. తప్పు కాదు, కాని అసలు చిక్కును దాటవేయుచున్నది. మేఘమునకు స్వల్పమైనను భ్రమణముండును. కుంచించుకొలది దాని వేగము హెచ్చును. కావున వాయువు తిన్నగా కేంద్రమున పడక, చుట్టును పళ్లెరమువలె పరచుకొనును. 2014లో చిలీదేశమందలి ఆల్మా దూరదర్శనులు వృషభరాశిలోని హెచ్.ఎల్. టారి చుట్టు అట్టి పళ్లెరమును, దాని వలయములతో సహా చూపినవి. పళ్లెరమున కిరువైపుల వాయుధారలు వెలికెగసి, భ్రమణమును కొంత తమతో కొనిపోవుటచేతనే తక్కిన ద్రవ్యము లోనికి చేరగలుగును.

దీనిని సుడిగుండముతో పోల్చుట సగమే సరి. సుడిగుండము మ్రింగునే కాని వెలిగ్రక్కదు. 1960లో చిత్తూరు జిల్లానుండి విడివడిన మా తిరుత్తణిలోగాని, తిరువళ్లూరులోగాని తెలుగు చదువు పిల్లలకు ‘ద్విధ్రువ బహిఃప్రవాహ’మనిన నోరు తిరుగదు. వీపున వీపు చేర్చిన రెండు చిమ్మనగ్రోవులనిన వెంటనే గ్రహింతురు.