రెండు సముద్రపు దారులు, ఒక్క పగలు

మెల్‌బోర్న్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు గ్రేట్ ఓషన్ రోడ్‌కీ, కాలిఫోర్నియా బే ఏరియాలో ఉన్నవాళ్లు బిగ్ సర్‌కీ వెళ్లిరావడం మన ఇళ్లలో ఇప్పుడు ఆనవాయితీ. పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరతారు, రాత్రికి ఇల్లు చేరతారు. రెండూ చూసినవాళ్లను అడిగితే "రెండూ బాగున్నాయి" అని ఊరుకుంటారు. ఆ మాట నాకు చాలదు. ఒక్క పగటి ప్రయాణంగా చూస్తే వీటికి పోలికే లేదు. బిగ్ సర్ ఒక పగటికి అతికినట్టు సరిపోతుంది. గ్రేట్ ఓషన్ రోడ్‌ని ఒక పగట్లో ఇరికించి మనమే పాడుచేసుకుంటున్నాం.

పుట్టుకలో మాత్రం రెండూ దగ్గరివే. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక మొదలైన పనులివి. గ్రేట్ ఓషన్ రోడ్ పూర్తయిన 1932 నవంబరులోనే బిగ్ సర్ దారిలోని బిక్స్‌బీ వంతెన మీద రాకపోకలు మొదలయ్యాయి. బిగ్ సర్ రోడ్డు మొత్తం తెరుచుకోవడానికి 1937 దాకా పట్టింది. ఆస్ట్రేలియా రోడ్డును తవ్వింది యుద్ధం నుంచి తిరిగొచ్చిన సుమారు 3,000 మంది సైనికులు. పలుగూ పారా పట్టి, చనిపోయిన తోటివారి స్మారకంగా తవ్వారు. ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డు మీద కట్టిన చెక్క కమాను కిందుగానే ఏ కారైనా పోవాలి. పక్కనే పనివాళ్ల కంచు విగ్రహం ఉంటుంది. బిగ్ సర్‌లో కొండలు తొలిచినవాళ్లలో శాన్ క్వెంటిన్ జైలు ఖైదీలున్నారు. రోజుకి 35 సెంట్ల కూలి, కొంత శిక్ష తగ్గింపు, అంతే. వాళ్లకి అక్కడ అలాంటి కమాను లేదు. చెమటోడ్చినవాళ్లను తలుచుకోవడంలో ఆస్ట్రేలియా చాలా పైన ఉంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు దానికే.

ఇక ప్రయాణం సంగతి. టోర్కీ నుంచి అలన్స్‌ఫోర్డ్ దాకా గ్రేట్ ఓషన్ రోడ్ 243 కిలోమీటర్లు. అంతా సముద్రం పక్కనే సాగుతుందని చాలామంది అనుకుంటారు. నిజంగా అలలను ఒరుసుకుంటూ పోయేది లార్న్ నుంచి అపోలో బే దాకా ఉన్న నలభై అయిదు కిలోమీటర్ల ముక్క. అపోలో బే దాటగానే రోడ్డు ఓట్వే అడవిలోకి మళ్లుతుంది. పెద్దపెద్ద ఫెర్న్‌లూ, ఆకాశాన్నంటే యూకలిప్టస్‌లూ ఉన్న అందమైన అడవి అది. కానీ ఆగి చూసేవాళ్లేరీ? అందరి మనసూ ట్వెల్వ్ అపోస్టల్స్ అనే సముద్రపు రాతి స్తంభాల మీదే. కార్లు పెట్టి, రోడ్డు కింది సొరంగంలోంచి నడిచి, కటకటాల వెంట జనంలో నిలబడి, ఫోన్లు పైకెత్తి, సున్నపురాతి స్తంభాలకు వీపు పెట్టి ఫోటో దిగుతారు. పేరులో పన్నెండున్నా అవి ఎన్నడూ పన్నెండు కావు. 2005 జూలైలో ఒకటి కూలాక మిగిలినవి ఎనిమిది. పొద్దుటి నుంచి కారు నడిపింది ఆ ఫోటో కోసమే అయిపోతుంది. రెండు అడుగుల దూరంలో ఉన్నట్టే ఉండే లాక్ ఆర్డ్ గార్జ్‌కి వెళ్లే తీరిక ఉండదు. 1878లో ఓడ మునిగి 54 మందిలో ఇద్దరే బతికి బయటపడ్డ చోటది. రెండు కొండచరియల మధ్య ఇరుకు సందులోంచి నీళ్లు లోపలికి ఎగదన్నుకొస్తుంటే, బతికిన ఇద్దరిలో ఒకడైన కుర్రవాడు ఈదుకుంటూ ఒడ్డు చేరడానికి పడ్డ కష్టం ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. అది చూడకుండా తిరిగొచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తిరుగు దారి కోలాక్ మీదుగా, పొలాల మధ్య చీకట్లో. సముద్రం మళ్లీ కనబడదు.

బిగ్ సర్‌కి అలాంటి గమ్యం లేదు. అదే దాని బలం. కార్మెల్ దాటిన దగ్గర్నుంచి ఏ మలుపులో ఆగినా చూడాల్సింది అక్కడే ఉంది. బిక్స్‌బీ దగ్గర రద్దీ ఎక్కువే, కానీ దాన్ని వదిలేసి ముందుకెళ్లినా పోయేదేమీ లేదు. మధ్యలో రెడ్‌వుడ్ చెట్ల నీడ కాసేపు పడి, మళ్లీ సముద్రం తేలుతుంది. మెక్‌వే జలపాతం దాకా వెళ్లి అదే దారిన వెనక్కి వస్తే సాయంత్రపు వెలుగులో అదే కొండ వేరే రంగులో ఉంటుంది. ఎక్కడా హోర్డింగులుండవు. రోడ్డు మీంచి కనబడేలా కొత్త ఇల్లు కట్టనివ్వని ప్రణాళికను 1986లో అమల్లోకి తెచ్చుకున్నారు. దృశ్యాన్ని ఆస్తిగా కాపాడుకోవడమంటే అదీ.

అయితే ఆ కొండ నమ్మదగ్గది కాదు. 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండ జారి రోడ్డును పూడ్చేస్తే మళ్లీ తెరవడానికి ఏడాదికి పైగా పట్టింది. 2023 జనవరి తర్వాత మధ్య భాగం ఏళ్ల తరబడి మూతపడింది. మెక్‌వే జలపాతం కింద ముచ్చటగా కనబడే ఇసుక కూడా 1983లో విరిగిపడ్డ కొండ మట్టి తెచ్చిందే. అంతకుముందు ఆ నీళ్లు నేరుగా సముద్రంలో పడేవి. జూన్, జూలైల్లో పొద్దున వెళ్తే పొగమంచు తప్ప ఏమీ కనబడని రోజులూ ఉంటాయి. అయినా సెప్టెంబరులో ఎండ కాసిన ఒక పగలు దొరికితే దానికి సాటి వచ్చే దారి నేనింకోటి చూడలేదు.

కాబట్టి మెల్‌బోర్న్ వెళ్లేవాళ్లకు నా మాట: అపోలో బేలో ఒక రాత్రి ఉండండి. ఒక్కరోజే ఉంటే అపోస్టల్స్‌ని ఈసారికి వదిలేసి, అపోలో బే దాకా నెమ్మదిగా వెళ్లి, వచ్చిన దారినే సముద్రం పక్కగా తిరిగి రండి. కాలిఫోర్నియా వెళ్లేవాళ్లు ముందు రోజు రాత్రి రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకుని బయల్దేరండి. దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.