చూస్తే తరగని వరుస

శ్రావణమాసంలో కౌతాళం మండలం ఉరుకుందకు వెళ్లినవాళ్లకు క్యూలైన్ సంగతి చెప్పనక్కర్లేదు. ఈరన్న స్వామి దర్శనానికి కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. కమ్మీల పక్కన నడుస్తూ వరుసలో ఎంతమంది ఉన్నారో, చంటిపిల్లలతో ఎవరున్నారో చూసి రావచ్చు. చూసినంత మాత్రాన వరుస కదలదు.

కంప్యూటర్లలోనూ ఇలాంటి వరుసలున్నాయి. ఒక ప్రోగ్రాం మరొకదానికి పంపే సందేశాలు మెసేజ్ క్యూలో నిలబడతాయి. అవతలిది తీసుకోగానే సందేశం అక్కణ్ణుంచి పోతుంది. డబ్బు పంపమన్న సందేశం మధ్యలో ఆగితే, ఎందుకాగిందో విప్పి చూడాలి. చూడబోయి తీసేశామా, ఆ చెల్లింపు గల్లంతే.

ఈ పనిలో పాతకాపు ఐబీఎం ఎంక్యూ. 1993లో ఎంక్యూసిరీస్ పేరుతో వచ్చింది. ఇందులో క్యూను ‘బ్రౌజ్’ పద్ధతిలో తెరిస్తే ఒక కర్సర్ ముందు నుంచి ఒక్కో సందేశం మీదుగా జరుగుతుంది. సందేశాలు ఉన్నచోటే ఉంటాయి. దాంతోపాటు వచ్చే ఏఎంక్యూఎస్‌బీసీజీ అనే చిన్న ప్రోగ్రాం సందేశం ఎప్పుడొచ్చింది, ఎవరు పెట్టారు, లోపలేముంది అన్నీ విప్పి చూపిస్తుంది. ఏఎంక్యూఎస్‌గెట్ అనే ఇంకోటీ చూపిస్తుంది, కానీ చూపించి మింగేస్తుంది. ఇంగ్లీషులో రాస్తే రెండు పేర్లకూ చివరి మూడక్షరాలే తేడా. అర్ధరాత్రి నిద్రకళ్లతో కమాండ్ కొట్టేవాళ్లకు ఇంతకంటే గండం ఉండదు!

జావా లోకంలో జేఎంఎస్ క్యూబ్రౌజర్‌దీ ఇదే దారి. అయితే మనం చూస్తుండగానే ఇంకొకరు సందేశం తీసుకుపోవచ్చు.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాళ్లు కుప్పలోంచి గుప్పెడు లాగి, వేళ్ల మధ్య సాగదీసి పింజ పొడవు చూస్తారు. పేరుకు చూపే, కానీ చెయ్యి పడింది. కొన్ని క్యూ పనిముట్లదీ ఇదే వరస. ర్యాబిట్‌ఎంక్యూ తెరమీద ‘గెట్ మెసేజెస్’ నొక్కితే సందేశాన్ని నిజంగానే తీసి, తిరిగి పెట్టమంటే పెడుతుంది. ఇదివరకే ఒకసారి ఇచ్చామన్న గుర్తు మాత్రం దానిమీద మిగిలిపోతుంది. అమెజాన్ ఎస్‌క్యూఎస్‌లో చూసిన సందేశం, గడువు మార్చకపోతే, 30 సెకన్లు మిగతావాళ్లకు కనిపించదు. పైగా అందుకున్న లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ లెక్క పెట్టుకున్న హద్దు దాటితే సందేశం నేరుగా, తేడా వచ్చినవాటిని పక్కన పెట్టే డెడ్ లెటర్ క్యూకు పోతుంది. సందేశంలో ఏ తప్పూ లేకపోయినా, పదేపదే చూసిన పాపానికి!

లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో బయటికొచ్చిన కాఫ్కా అసలు ఈ గొడవే పెట్టుకోలేదు. చదివితే అక్కడ ఏదీ పోదు. ఎవరు ఎంతదాకా చదివారన్నది ‘ఆఫ్‌సెట్’ అంకెలో ఉంటుంది. కేక్యాట్ వంటి పనిముట్టుతో ఏ అంకె నుంచైనా చదువుకోవచ్చు; గడువు తీరాక పాతవి చెరిగిపోతాయి.

మీ చేతికి కొత్త పనిముట్టు వస్తే అసలు క్యూ మీద ప్రయోగించకండి. టెస్ట్ క్యూలో మూడు సందేశాలు పెట్టి చూడండి. చూశాక మూడూ ఉన్నాయా, వాటి లెక్క ఏమైనా మారిందా అన్నది సరిచూసుకోండి.