ఫలం పక్క మారితే

“నూటికి రెండు” అంటే చాలు, ఊళ్లో ఇంకేమీ చెప్పనక్కర్లేదు. వంద రూపాయలకు, నెలకు, రెండు రూపాయల వడ్డీ. అప్పు ఇచ్చేవాళ్లకీ తెలుసు, తెచ్చుకునేవాళ్లకీ తెలుసు. నలభై వేలు తొమ్మిది నెలలకు తెచ్చుకున్న రైతు కాగితం, కలం లేకుండానే లెక్క కడతాడు: వందకి రెండంటే వెయ్యికి ఇరవై, నలభై వేలకి ఎనిమిది వందలు, తొమ్మిది నెలలకి ఏడు వేల రెండు వందలు.

అదే లెక్క బడిలో ఆయన పిల్లల ముందుకు మిశ్రమానుపాతమన్న పేరుతో వస్తుంది. ఒక రాశి మరొక్క రాశితోనే కాక, రెండు మూడు రాశులతో ఒకేసారి ముడిపడి మారుతుంటే దాన్ని పట్టుకునే పద్ధతి అది. అసలు పెరిగితే వడ్డీ పెరుగుతుంది, నెలలు పెరిగినా పెరుగుతుంది, రెండూ పెరిగితే రెండు విధాలా పెరుగుతుంది. ఇంత తేలిక విషయం దగ్గర కూడా పిల్లలు తడబడతారు. ఏది అనులోమం, ఏది విలోమం? దేన్ని పైన వెయ్యాలి, దేన్ని కింద వెయ్యాలి? సూత్రం బట్టీ పట్టినవాళ్లు పరీక్ష రోజున అది తలకిందులై గుర్తొస్తే ఏం చెయ్యాలో తెలియక కూర్చుంటారు. ఆ తడబాటుకు మందు మన పాత గణిత గ్రంథాల్లోనే ఉంది. అది ఒక చిన్న ప్రశ్న: ఇందులో ఫలం ఏది?

మూడు రాశుల నుంచి ఐదుకు

499 నాటి ఆర్యభటీయంలో గణితపాదం మొత్తం 33 శ్లోకాలు. అందులో 26వ శ్లోకం త్రైరాశికం గురించి. మనకు తెలిసిన కొలత ప్రమాణం. దానివల్ల వచ్చింది ఫలం. మనం తెలుసుకోవాలని కోరుతున్న కొలత ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి, ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. ఐదు కిలోల బియ్యం 300 రూపాయలైతే ఎనిమిది కిలోలు ఎంత? 300ను 8తో గుణించి 5తో భాగిస్తే 480. ఐదు ప్రమాణం, మూడు వందలు ఫలం, ఎనిమిది ఇచ్ఛ. మూడు పేర్లు నోటికొస్తే లెక్కకు ఆకారం వచ్చేసినట్టే.

ఆర్యభటుడు మూడు రాశుల దగ్గరే ఆగాడు. ఆ గ్రంథానికి 629లో వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడు, ఐదు రాశుల లెక్క వేరే జాతిది కాదని, త్రైరాశికాలు ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోవడమేనని వివరించాడు. మొదట చూసిన రైతు చేసింది సరిగ్గా అదే. వంద నుంచి నలభై వేలకు వెళ్లడం ఒక త్రైరాశికం. ఒక నెల నుంచి తొమ్మిది నెలలకు వెళ్లడం రెండోది. మొదటి అడుగులో నెలను కదపలేదు, రెండో అడుగులో అసలును కదపలేదు. ఒక్కో రాశినే మారుస్తూ, మిగిలినవాటిని కట్టేసి ఉంచడం ఈ విద్యకు ప్రాణం.

అంతకు ఒక ఏడాది ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో మరో దారి వేశాడు. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండు: బేసి సంఖ్యలో రాశులు ఎన్ని ఉన్నా ఒకే పద్ధతి. అందులో అంచెలంచెలుగా వెళ్లే పని లేదు. రెండు నిలువు వరసలు వేసుకుంటే చాలు.

రెండు నిలువు వరసలు

రెండో భాస్కరుడు 1150లో రాసిన లీలావతిలో ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ ఉంది. వందకు నెలకు ఐదు వడ్డీ అయితే, పదహారుకు పన్నెండు నెలలకు ఎంత? “నూటికి ఐదు” అన్నమాట. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కింద కూడా వడ్డీ మాట ఇలాగే ఉండేదని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ఎడమ వరసలో తెలిసిన సంగతి రాయాలి: 1 నెల, 100 అసలు, అన్నిటికన్నా కింద ఫలం 5. కుడి వరసలో అడిగిన సంగతి: 12 నెలలు, 16 అసలు, ఫలం చోటు ఖాళీ. ఇప్పుడు ఫలాన్ని పక్క మార్చాలి. ఎడమన ఉన్న 5 కుడికి వెళ్తుంది. ఎడమన 1, 100 మిగిలాయి. కుడిన 12, 16, 5 చేరాయి. ఎక్కువ రాశులున్న వరసను గుణిస్తే 960, తక్కువ రాశులున్న వరసను గుణిస్తే 100. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 9, ఇంకా ఐదింట మూడు వంతులు.

ఇక్కడితో ఆగితే ఇదీ ఒక సూత్రమే. భాస్కరుడు ఆగలేదు. వడ్డీ ఇంత వచ్చింది, అసలు పదహారు, మరి ఎన్ని నెలలయింది? ఇప్పుడు ఖాళీ ఫలం చోట లేదు, నెలల చోట ఉంది. ఎడమన 1, 100, ఫలం 5. కుడిన ఖాళీ, 16, ఫలం 9 ఐదింట మూడు. రెండు ఫలాలూ పక్కలు మార్చుకుంటాయి. ఎడమన 1, 100, 9 ఐదింట మూడు: గుణిస్తే 960. కుడిన 16, 5: గుణిస్తే 80. భాగిస్తే 12 నెలలు. అనులోమమా విలోమమా అని ఎవరూ అడగలేదు. ఫలాలు పక్క మారాయంతే.

ఎందుకిలా కుదురుతోంది?

బీజగణితం ఈ గుట్టు విప్పి చూపిస్తుంది. వడ్డీ = కె × అసలు × నెలలు. కె అన్నది అనుపాత స్థిరాంకం. బడిలో నేర్పే క్రమం మూడు అడుగులు: సంబంధాన్ని సమీకరణంగా రాయడం, తెలిసిన సంగతిలోంచి కె విలువ రాబట్టడం, దాన్ని అడిగిన సంగతిలో పెట్టి జవాబు తేల్చడం.

ఒకే కె రెండు సంగతుల్లోనూ ఉంది కాబట్టి, మొదటి వడ్డీని మొదటి అసలు, నెలల లబ్ధంతో భాగించినా, రెండో వడ్డీని రెండో అసలు, నెలల లబ్ధంతో భాగించినా వచ్చేది ఒకటే. ఈ సమానత్వాన్ని అడ్డంగా గుణిస్తే మొదటి ఫలం రెండో అసలు, నెలల పక్కకు చేరుతుంది. రెండో ఫలం మొదటివాటి పక్కకు చేరుతుంది. బ్రహ్మగుప్తుడు ఫలాన్ని పక్క మార్చమన్నది ఇందుకే. ఆ ఒక్క కదలికలో కె తనంతట తానే తప్పుకుంటుంది.

అలాగని కె ను చిన్నచూపు చూడకూడదు. దానికీ ఒక అర్థముంది. “నూటికి రెండు” లో కె విలువ వందింట రెండు వంతులు, అంటే ఒక్క రూపాయి ఒక్క నెలలో కనే వడ్డీ: రెండు పైసలు. పిల్లలకు కె అంటే ఏమిటో చెప్పకుండా దాని విలువ కనుక్కోమంటే అది అక్షరంగానే మిగిలిపోతుంది. రెండు పైసలని చెబితే చేతిలో నాణెంలా ఉంటుంది.

నాట్ల లెక్క

పిల్లల్ని ఎక్కువగా భయపెట్టేవి కూలీల లెక్కలు. ఇరవై మంది రోజుకు 6 గంటల చొప్పున 3 రోజుల్లో 6 ఎకరాలు నాటారు. పదహారు మంది రోజుకు 5 గంటల చొప్పున 8 ఎకరాలు నాటాలంటే ఎన్ని రోజులు?

రోజుల వైపు నుంచి చూస్తే తికమకే. మనుషులు తగ్గితే రోజులు పెరుగుతాయి, గంటలు తగ్గితే రోజులు పెరుగుతాయి, ఎకరాలు పెరిగినా రోజులు పెరుగుతాయి. మూడు రాశులకు మూడుసార్లు ఆగి ఆలోచించాలి. దాని బదులు మన ప్రశ్న అడుగుదాం: ఇందులో ఫలం ఏది? మనుషులు, గంటలు, రోజులు కలిసి దేన్ని పండించాయి? నాటిన పొలాన్ని. ఎకరాలే ఫలం. మిగిలిన మూడింటిలో ఏది పెరిగినా, తక్కినవి కదలకుండా ఉంటే, నాటిన పొలం పెరుగుతుంది.

ఎడమన 20, 6, 3, ఫలం 6. కుడిన 16, 5, ఖాళీ, ఫలం 8. ఫలాలు పక్క మారితే ఎడమన 20, 6, 3, 8: లబ్ధం 2,880. కుడిన 16, 5, 6: లబ్ధం 480. జవాబు 6 రోజులు. కె తో సరిచూసుకోవచ్చు. ఒక మనిషి ఒక గంటలో నాటేది ఎకరంలో అరవయ్యో వంతు. ఎనిమిది ఎకరాలకు 480 గంటల పని. పదహారు మంది ఐదేసి గంటలంటే రోజుకు 80 గంటలు. ఆరు రోజులే.

విలోమానుపాతం కూడా ఈ కంటికి వేరుగా కనిపిస్తుంది. పాత గ్రంథాలు దాన్ని వ్యస్త త్రైరాశికం అంటాయి. లీలావతిలో ధాన్యపు రాశి లెక్క ఉంది: ఏడు ఆఢకాల కొలపాత్రతో కొలిస్తే వంద పాత్రలైన రాశి, ఐదు ఆఢకాల పాత్రతో కొలిస్తే ఎన్ని? మానికతో కొలిచిన బియ్యాన్ని సోలతో కొలిస్తే లెక్క పెరుగుతుందని మన అమ్మమ్మలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఫలం ధాన్యపు రాశి. అది రెండు పక్కలా ఒక్కటే కాబట్టి పక్క మారినా తేడా లేదు. ఏడు వందల్ని ఐదుతో భాగిస్తే 140.

వర్గం వచ్చి చేరితే

లెక్కలన్నిటా త్రైరాశికమే వ్యాపించి ఉందని, జగమంతా విష్ణువు నిండినట్టేనని భాస్కరుడు పోల్చి చెప్పాడు. వర్గాలు, ఘనాలు, వాటి మూలాల్ని మాత్రం విడిగా ఉంచాడు. మిశ్రమానుపాతం ఆ వర్గాల్ని కూడా కలుపుకుని నడుస్తుంది.

గుండ్రటి ధాన్యపు గాదె ఒకటుంది. కేంద్రం నుంచి అంచుకు 3 అడుగులు, ఎత్తు 4 అడుగులు. 24 బస్తాలు పట్టింది. ఎత్తు 3 అడుగులకు తగ్గించి, అడ్డంగా 4 అడుగుల వ్యాసార్ధంతో కట్టిస్తే? కొలతలు తారుమారయ్యాయంతే కదా, అంతే పడుతుందని తోస్తుంది. కానీ గాదె పట్టేది వ్యాసార్ధపు వర్గానికీ ఎత్తుకూ కలిపి అనుపాతంలో ఉంటుంది. మొదట 9 × 4 = 36, దానికి 24 బస్తాలు, కాబట్టి కె మూడింట రెండు. ఇప్పుడు 16 × 3 = 48, దానికి 32 బస్తాలు. ఎనిమిది బస్తాలు ఎక్కువ. వరసలో వ్యాసార్ధాన్ని రెండుసార్లు రాస్తే పాత పద్ధతిలోనూ ఇదే జవాబు.

పదకొండు రాశుల బండి

లీలావతిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఏకాదశరాశికం. కొన్ని చెక్కలున్నాయి: మందం 12 అంగుళాలు, వెడల్పు 16 అంగుళాలు, పొడవు 14 మూరలు, మొత్తం 30. వాటిని ఒక గవ్యూతి దూరం తోలితే బండి కిరాయి 8 ద్రమ్మాలు. మరి మందం 8, వెడల్పు 12, పొడవు 10 ఉన్న 14 చెక్కల్ని ఆరు గవ్యూతులు తోలితే కిరాయి ఎంత?

పదకొండు అంకెలు చూడగానే గుండె జారుతుంది. వరసలు వెయ్యండి. ఎడమన 12, 16, 14, 30, 1. కుడిన 8, 12, 10, 14, 6, పక్క మారి వచ్చిన ఫలం 8. గుణించే ముందు రెండు వరసల్లోనూ సమానంగా ఉన్నవాటిని కొట్టెయ్యండి: 12కు 12, 14కు 14. ఎడమన 16, 30 మిగిలితే 480. కుడిన ఫలం కాక 8, 10, 6 మిగిలితే 480. రెండూ సమానం. కిరాయి మళ్లీ ఎనిమిది ద్రమ్మాలే. సరుకు ఆరో వంతయింది, దూరం ఆరు రెట్లయింది. ఆ లెక్క కట్టిన మహానుభావుడు పిల్లవాడి ముఖంలో విరిసే వెలుగును ముందే చూసి ఉంటాడు.

మన భాషలోకి వచ్చిన లెక్క

ఈ విద్య దేశం దాటి వెళ్లింది. అల్‌బిరూనీ భారతీయుల రాశికాల మీద అరబ్బీలో ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. యూరప్ వర్తకులు త్రైరాశికాన్ని బంగారు సూత్రమని పిలుచుకున్నారు. మన ఇంటికీ వచ్చింది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాసి, త్రైరాశికానికి ఒక ప్రకరణమే కేటాయించాడు. రాజమహేంద్రవరాన్ని చాళుక్యులు ఏలిన రోజుల్లో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో తొలినాటి శాస్త్రగ్రంథాల్లో లెక్కల పుస్తకం ఉండడం మనం పిల్లలకు గర్వంగా చెప్పుకోవలసిన సంగతి.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి, అవి కూడా నేర్పాలి. కె మారకుండా ఉన్నంతవరకే అనుపాతం. చక్రవడ్డీలో వడ్డీకి వడ్డీ పుడుతుంది కాబట్టి నెలలు రెట్టింపైతే వడ్డీ రెట్టింపుకన్నా ఎక్కువవుతుంది. ఒక మడిలో ఇరవై మంది నాటవచ్చు, రెండు వందల మందిని దింపితే ఒకరి కాళ్లు ఒకరికి అడ్డం. వరసలు వేసే ముందు ఫలం ఏదని అడిగినట్టే, తక్కినవి కదలకుంటే ఇదొక్కటీ ఎన్ని రెట్లు పెరిగితే ఫలం నిజంగా అన్ని రెట్లు పెరుగుతుందా అని కూడా అడగాలి.

ఇదంతా పరీక్ష కోసమే కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలు. బ్యాంకులో “పన్నెండు శాతం” అన్నది వందకు ఏడాదికి పన్నెండు. ఊళ్లో “నూటికి రెండు” అన్నది వందకు నెలకు రెండు. చెవికి రెండు చిన్నది, పన్నెండు పెద్దది. వరసలు వేసి చూడండి. ఎడమన 1 నెల, 100, ఫలం 2. కుడిన 12 నెలలు, 100. ఫలం పక్క మారగానే జవాబు 24, బ్యాంకు వడ్డీకి సరిగ్గా రెట్టింపు. పైకి వినపడని ఆ “నెల” కూడా ఒక రాశే. దాన్ని వరసలో రాయడం నేర్చుకున్న పిల్ల రేపు సంతకం పెట్టే ముందు ఒక్క క్షణం ఆగి అడుగుతుంది: నూటికి రెండు సరే, ఎన్నాళ్లకు?