బోద్వ లోయలో నీటిసమ్మెట

తూర్పు స్లొవాకియాలో, కోషిత్సె నగరమునకు పడమటగా, బోద్వ యను చిన్న యేటి యెగువ లోయయందు మెద్జెవ్ అను చిన్న పట్టణమును, దానిని చేరియే విష్నీ మెద్జెవ్ అను పల్లెయు కలవు. 1241 నాటి మంగోలుల దండయాత్రకు పాడువడిన, ఈ లోయయు నాడు చేరియుండిన హంగరీ రాజ్యమును మరల జనసమృద్ధము గావింప రాజులు ఆహ్వానింపగా, జర్మను సీమలనుండి తరలివచ్చి, ఇనుప ఖనిజమును, బొగ్గునకు వలసిన యడవియు, వడిగల యేటినీరును ఒక్కచోట లభించు నీ లోయలో స్థిరపడినవారి సంతతియే మంటాకులు. వారి మాట జర్మను భాషలో నొక ప్రాచీన మాండలికము. వారి వృత్తి, 14వ శతాబ్దమునుండియు, నీటిబలముచే ఇనుమును సాగగొట్టి పారలు మొదలగు పనిముట్లను చేయుట.

స్లొవాకులు హామోర్ అని పిలుచు నీ జలచాలిత కమ్మరశాల నిర్మాణము చూచుటకు మోటుగా నున్నను మిక్కిలి యుక్తియుక్తమైనది. ఏటినీటిని కాలువగుండ మళ్లించి శాల చెంతనున్న చెరువులో నిలుపుదురు. తూము నెత్తినంతనే కొయ్యదోనె వెంట వచ్చిన నీరు చక్రముపై దుమికి, దానితోపాటు దూలమువంటి ఇరుసును త్రిప్పును; ఆ యిరుసునకు బిగించిన పళ్లు సమ్మెట కామ యొక్క తోకను వరుసగా నదిమి విడుచుచుండగా, నడుమ కీలుపై నూగు నా కామ రెండవ కొననున్న సమ్మెటతల పైకి లేచి, తన బరువుతో దాగలిపై బడును. కొలిమికి గాలి నూదుటయు నీటి పనియే.

అయినను శక్తి నీటిదే గాని నేర్పు నీటిది కాదు. చేతికొలిమిలో సమ్మెట ఇనుమును వెదకికొని పోవును. ఇచ్చట సమ్మెట పడు చోటు మారదు గనుక, ఇనుమే దానిక్రిందికి రావలయును. ఎఱ్ఱగా కాలిన ముద్దను పట్టకారుతో బట్టి, దెబ్బ దెబ్బకు నించుక జరుపుచు, త్రిప్పుచు, పార కామ దూరు మెడకడ మందమును నిలిపి, అంచునకు పోవుకొలది పలుచన చేయుచు, రేకు చల్లారకమునుపే పని ముగింపవలయును. నీటిని హెచ్చించి దెబ్బల వడి పెంచుటయు, తగ్గించి నెమ్మదింపజేయుటయు కమ్మరి యధీనమే. ఇనుము రంగును కన్నును, దెబ్బ మ్రోతను చెవియు కనిపెట్టుచుండగా చేతులు కదలు నీ విద్య గ్రంథములవలన వచ్చునది కాదని నా నిశ్చయము.

19వ శతాబ్దమున నీ లోయలో నూటికి పైగా హామోరులు మ్రోగుచుండెను. హంగరీ మైదానములలోను, బాల్కను దేశములలోను మన్ను త్రవ్విన పనిముట్లలో పెక్కు ఇచ్చటివే. పిదప కర్మాగారములు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధాంతమున స్లొవాకియాలోని జర్మనులలో అధికభాగము దేశమును వీడవలసివచ్చెను. మంటాకులలో కొందరు మాత్రము నిలిచిరి. 1999 మొదలు 2004 వఱకు స్లొవాకియా రాష్ట్రపతిగా నుండిన రుడోల్ఫ్ షుస్టర్ ఆ జనులలోనివాడే.

స్లొవాక్ సాంకేతిక వస్తుప్రదర్శనశాల మెద్జెవ్‌లో నొక హామోరును సంరక్షించుచున్నది. అది ప్రశంసనీయమే. కాని చక్రమును, ఇరుసును కాపాడినంతమాత్రాన విద్య కాపాడబడదు. ఇనుమును దాగలిపై జరుపనేర్చిన వృద్ధులుండగనే, యువకులను వారి చెంత చేర్చి, జీతమిచ్చి యీ పని నేర్పించుట ఆ దేశప్రభుత్వము వెంటనే పూనుకొనదగిన కార్యము.