కెల్డాల్ లెక్క, పరారుణ చూపు

లీటరు పాలలో ఒక్క గ్రాము మెలమైన్ కలిపితే కెల్డాల్ పరీక్ష దాన్ని నాలుగు గ్రాముల పైచిలుకు ప్రోటీన్‌గా లెక్కగడుతుంది. యోహాన్ కెల్డాల్ 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో రూపొందించిన పద్ధతి ఇది. నమూనాను గాఢ గంధకామ్లంలో మరిగిస్తే అందులోని నత్రజని అమ్మోనియం లవణంగా మారుతుంది. క్షారం కలిపి, అమ్మోనియాను ఆవిరిగా రప్పించి కొలుస్తారు. పాలయితే ఆ నత్రజనిని 6.38తో గుణించి ప్రోటీన్ ఇంత అని రాసుకుంటారు. అంకె కచ్చితమే. కానీ ఆమ్లంలో ఉడికిపోయాక ఆ నత్రజని పాల ప్రోటీన్ కేసీన్‌దో, ప్లేట్లు చేసే రసాయనం మెలమైన్‌దో చెప్పే ఆనవాలు ఏదీ మిగలదు. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే.

2008లో చైనాలో నీళ్లు, మెలమైన్ కలిపిన పాలను మంచి పాలుగా చలామణీ చేయించింది ఈ లొసుగే. దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. ఆరుగురు చనిపోయారు. కెల్డాల్‌ను ఒక్కదాన్నే తప్పుపట్టడం మాత్రం న్యాయం కాదు. ముందుగా ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో ప్రోటీన్‌ను విరిచి, వడకట్టి, దాన్నే కొలిస్తే ఈ మోసం సాగదు. ఆ ఒక్క మెట్టు ఎగ్గొట్టడమే ప్రాణాల మీదికి తెచ్చింది.

పరారుణ కాంతి అణువును విరగ్గొట్టదు. దాని బంధాలు ఎలా కంపిస్తాయో చూస్తుంది. పాలపొడి వర్ణపటంలో సెంటీమీటరుకు 1650, 1550 తరంగాల చుట్టూ ప్రోటీన్ వెడల్పాటి గుట్టల్లా కనిపిస్తుంది. మెలమైన్ వలయం 814 దగ్గర సన్నగా, నిటారుగా లేస్తుంది. ద్రవ పాలలో పని ఇంత తేలిక కాదు. 1640 దగ్గర నీరే కాంతిని మింగేసి ప్రోటీన్ గుట్టను కప్పేస్తుంది. అక్కడ చెదిరిన కాంతిని చదివే రామన్ పద్ధతి మేలు. దానికి నీటి అడ్డు తక్కువ, మెలమైన్ గీత 676 దగ్గర పడుతుంది.

కాంతికి సూక్ష్మదృష్టి చాలదన్నది నిజం. పసిపిల్లల పాలపొడిలో మెలమైన్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ 2010లో పెట్టిన హద్దు కిలోకు 1 మిల్లీగ్రామే. మామూలు పరారుణ యంత్రం అంత కిందికి దిగలేదు, దానికి ద్రవ్యరాశి వర్ణపటమాపకం కావాలి. కానీ 2008 కల్తీలో దొరికిన చైనా కంపెనీ శాన్‌లూ పొడిలో బయటపడింది కిలోకు 2,563 మిల్లీగ్రాములు! కల్తీ గిట్టుబాటు కావాలంటే పెద్దమొత్తంలోనే కలపాలి. అందుకే దొంగను పట్టడానికి ఈ చూపు చాలు. బిడ్డ తాగే పొడి సురక్షితమని ధ్రువీకరించడానికి చాలదు.

మన పాలకేంద్రాల్లో పేచీ మెలమైన్‌ది కాదు, అలాగే నత్రజని అంకెను పెంచే యూరియాది. బస్తా మీద 46 శాతం నత్రజని అని రాసి ఉండే అదే యూరియా. పాలలో అది సహజంగానే కొంత ఉంటుంది కాబట్టి మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ లీటరుకు 700 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఇక్కడ ‘ఉందా?’ అన్న ప్రశ్నకు అర్థమే లేదు, ‘ఎంత?’ అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పరారుణ యంత్రానికి ఏ పాలతో తూకం నేర్పామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆవుపాలతో సరిచేసిన యంత్రం ముందు, వెన్న రెట్టింపు ఉండే గేదెపాలను పెట్టి రైతును దొంగ అనడం అన్యాయం. మన గేదెపాల నమూనాలతో, ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి యంత్రాన్ని సరిచూశాకే దాని అంకెను రైతు ఖాతాలో ఎక్కించాలి.