అంతర్గత అక్రమోన్నతి: కంప్యూటర్ భద్రతాలోపాల తెలుగు పరిభాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్‌లో సామాన్య ఖాతాతో ప్రవేశించిన వ్యక్తి, అందులోని ఏదో ఒక ఉపకరణ సాఫ్ట్‌వేర్ లోపాన్ని ఆసరా చేసుకొని నిర్వాహకుని అనుమతులు పొందడాన్ని భద్రతారంగంలో ‘లోకల్ ప్రివిలేజ్ ఎస్కలేషన్’ అంటారు. ఈ భావనను తెలుగులో చెప్పేటప్పుడు పదానికి పదం పెట్టే పద్ధతి ఎక్కడ విఫలమవుతుందో, మన వ్యాకరణ పరిభాష, పురాణకథ ఎంతవరకు తోడ్పడతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పరిభాష, పదచ్ఛేదం, ప్రేరణార్థకం, వాడుకరి, నిర్వాహకుడు, భద్రతాలోపం.

1. ఉపోద్ఘాతం

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల కళాశాల ప్రయోగశాలల్లోనూ, మీసేవ కేంద్రాల్లోనూ, డి.టి.పి. దుకాణాల్లోనూ ఒకే కంప్యూటర్‌ను పలువురు వాడతారు. మార్కుల జాబితాలు, ఆధార్ ప్రతులు, భూమి పత్రాలు ఆ యంత్రాల గుండానే వెళ్తాయి. 2004లో ఏర్పడిన జాతీయ సంస్థ ‘సెర్ట్-ఇన్’ సాఫ్ట్‌వేర్ లోపాలపై హెచ్చరికలు వెలువరిస్తున్నది. అవి ఆంగ్లంలో ఉంటాయి. తెలుగు వాడుకలో మాత్రం ఇటువంటి విషయాలన్నిటికీ ‘హ్యాకింగ్’, ‘వైరస్’ అనే రెండు మాటలే దిక్కు. లోపం వేరు, దాడి వేరు, వైరస్ వేరు. తలుపు గడియ వదులుగా ఉండటం లోపం. దొంగ రావడం దాడి. ఈ తేడా చెప్పలేని భాషలో జాగ్రత్త కూడా చెప్పలేం. కాబట్టి ఇది కేవలం నిఘంటుకారుల సమస్య కాదు.

2. విషయస్వరూపం

2021 ఆగస్టులో వెలుగుచూసిన రేజర్ మౌస్ ఉదంతం ఈ లోపానికి సులభమైన ఉదాహరణ. ఆ సంస్థ మౌస్‌ను కంప్యూటర్‌కు తగిలించగానే విండోస్ దాని ఉపకరణ సాఫ్ట్‌వేర్‌ను తానే దిగుమతి చేసి, అత్యున్నతమైన ‘సిస్టమ్’ అనుమతితో స్థాపన మొదలుపెట్టేది. ఏ ఫోల్డర్‌లో స్థాపించాలో అడిగే చిన్న కిటికీ నుంచి ఆదేశాలిచ్చే పవర్‌షెల్‌ను తెరవగలిగితే, దానికీ అదే అనుమతి సంక్రమించేది. సామాన్య వాడుకరి ఒక్క మౌస్‌తో యంత్రానికి యజమాని అయ్యేవాడు.

అదే సంవత్సరం మే నెలలో డెల్ కంప్యూటర్ల ఫర్మ్‌వేర్ నవీకరణకు వాడే డ్రైవర్‌లోని లోపం బయటపడింది. 2009 నుంచి అది పంపిణీ అవుతూ వచ్చింది. లైనక్స్‌లోని ‘పీకేఎగ్జెక్’ ఉపకరణంలో 2009 మే నుంచి దాగిన లోపాన్ని క్వాలిస్ సంస్థ 2022 జనవరిలో వెల్లడించింది. మూడింటిలోనూ లోపం ఉన్నది సేవకోసం పెట్టుకున్న ఉపకరణంలోనే. సేవ చేయడానికి దానికి పెద్ద అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఆ అనుమతే ప్రమాదహేతువైంది.

3. పదానువాదంలోని చిక్కులు

‘స్థానిక హక్కుల పెంపు’ అని పదానికి పదం పెడితే మూడు అపార్థాలు కలుగుతాయి. మొదటిది, ‘స్థానిక’ అనగానే పాఠకునికి స్థానిక సంస్థలు, స్థానికత గుర్తుకు వస్తాయి. ఇక్కడి ఉద్దేశం ఊరు కాదు, యంత్రం లోపల ఇప్పటికే చోటు సంపాదించిన వ్యక్తి లేదా ప్రోగ్రామ్. రెండవది, ‘హక్కు’ తెలుగులో న్యాయబద్ధమైనది, పోరాడి సాధించుకొనేది. యంత్రం ఇచ్చేది హక్కు కాదు, అనుమతి. మూడవది, ‘పెంపు’ జీతాల పెంపులాగా ఇచ్చేవాడు తెలిసి ఇచ్చినట్లు ధ్వనిస్తుంది. అక్రమం అన్న సూచన ఎక్కడా లేదు. ఫలితంగా ప్రమాదానికి పెట్టిన పేరు సంక్షేమ పథకం పేరులా వినిపిస్తుంది.

దీనికి భిన్నంగా తెలుగు వికీపీడియాలో స్థిరపడిన ‘వాడుకరి’, ‘నిర్వాహకులు’ అనే మాటలను గమనించాలి. అవి పని చేసేవారి అవసరం నుంచి పుట్టి, వాడుకలో నిలిచాయి. స్థాయీభేదాన్ని కూడా స్పష్టంగా చూపుతాయి.

4. వ్యాకరణం ఇచ్చే వెలుగు

ఈ లోపాల్లో ఒక రకం తెలుగు అధ్యాపకులకు కొత్తది కాదు. అది పదచ్ఛేద దోషం. విండోస్‌లో ఒక సేవా ప్రోగ్రామ్ చిరునామాలో ఖాళీ ఉండి, చుట్టూ ఉద్ధరణ చిహ్నాలు లేకపోతే, యంత్రం ఆ చిరునామాను ఎక్కడ విరవాలో సందేహిస్తుంది. ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అనే చోట మొదట ‘ప్రోగ్రామ్’ వరకే విరిచి, ఆ పేరుతో ఏదైనా ఉందేమోనని వెతుకుతుంది. అటువంటి చోట ఫైలు పెట్టే అనుమతి సామాన్య వాడుకరికి పొరపాటున దక్కితే, అతడు పెట్టిన ఫైలే పెద్ద అనుమతితో నడుస్తుంది. విరుపు మారితే పద్యంలో అర్థం మారుతుంది. ఇక్కడ యజమానే మారుతాడు.

రెండవది ప్రేరణార్థకం. ఆంగ్లపదం నామవాచకం కావడంవల్ల కర్త మరుగున పడ్డాడు. తెలుగులో ‘చేయు’, ‘చేయించు’ అనే భేదం ఉంది. ఈ దాడిలో సామాన్య వాడుకరి నిషిద్ధమైన పనిని తాను చేయడు, చేయలేడు. అనుమతి ఉన్న ఉపకరణం చేత చేయిస్తాడు. నార్మ్ హార్డీ 1988లో ‘తికమకపడిన ప్రతినిధి’ అనే అర్థంలో వివరించిన సమస్య ఇదే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ దేవుడు వరం ఇవ్వకుండానే పూజారి చేతిమీదుగా ప్రసాదం అందుతుంది.

5. రాహు వృత్తాంతం: ఉపమానం, దాని పరిమితి

పోతన భాగవతం అష్టమస్కంధంలోని క్షీరసాగర మథన ఘట్టం ఈ భావనకు సన్నిహితమైనది. రాహువు బయటినుంచి గోడ దూకి వచ్చినవాడు కాదు. మథనంలో పాల్గొన్న పక్షంవాడే. పంక్తి మారి దేవతల మధ్య కూర్చున్నాడు. సూర్యచంద్రులు గుర్తించి తెలిపేసరికే అమృతం నోట పడింది. శిరస్సు ఖండించినా ఆ శిరస్సుకు అమరత్వం నిలిచిపోయింది. లోపాన్ని ఆలస్యంగా సవరించినా, అంతకుముందే చొరబడినవాడు మిగిలిపోవచ్చునన్న హెచ్చరిక ఇందులో ఉంది.

అయితే ఉపమానాన్ని కడదాకా లాగరాదు. రాహుకథలో దోషమంతా వేషం వేసినవానిది. సాఫ్ట్‌వేర్ విషయంలో వడ్డించేవానికీ బాధ్యత ఉంది. పుష్కరకాలం లోపంతో ఉపకరణాన్ని పంచిన తయారీదారును పురాణకథ విమర్శించలేదు. ఆ పని విమర్శకుడు చేయాలి.

6. ముగింపు

పై చర్చ ఆధారంగా ‘అంతర్గత అక్రమోన్నతి’ అనే పదబంధాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ‘అంతర్గత’ స్థానాన్ని, ‘అక్రమ’ దోషాన్ని, ‘ఉన్నతి’ స్థాయి మార్పును చెబుతాయి. పదోన్నతి తెలిసిన ఉద్యోగికి దొంగ పదోన్నతి అర్థం కావడానికి వివరణ అక్కరలేదు. సంస్కృతభారం ఎక్కువన్న ఆక్షేపణ సమంజసమే. అందుకే వ్యవహారంలో ‘లోపలివాడు అనుమతి దొంగిలించడం’ అని విడమరచి చెప్పడమే మేలు. శాస్త్రవ్యాసంలో సమాసం, హెచ్చరికలో వాక్యం ఉండాలి. మౌస్, డ్రైవర్ వంటి మాటలను మార్చనక్కరలేదు. కరీంనగర్ సమీపాన కురిక్యాలలోని పదవ శతాబ్దపు జినవల్లభుని శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు భాషలను ఒకే బండపై నిలిపింది. పరభాషతో పొరుగు మన ప్రాంతానికి కొత్త కాదు. పదం ఎక్కడిదన్నది కాదు, అది చదివినవాడు ప్రయోగశాల కంప్యూటర్‌ను నిర్వాహక ఖాతాతో అందరికీ వదిలేయడం మానాడా, నవీకరణను వాయిదా వేయకుండా చేశాడా అన్నదే పరిభాషకు అసలైన గీటురాయి.